ఎక్స్‌బాక్స్ 360 స్లిమ్: చిప్ వేయించాక ఒక్కోసారి వెంటనే బూట్ అవుతోంది, ఒక్కోసారి ఐదు నిమిషాలు. ఎందుకు?

నల్గొండ_నవీన్
సెకండ్ హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ 360 స్లిమ్ దొరికింది. డీవీడీ డ్రైవ్ చాలాసార్లు పెడితే గానీ ఒకసారి చదవదు, అందుకే తక్కువకి వచ్చింది. నా దగ్గర ఒరిజినల్ డిస్కులు పెట్టెడు ఉన్నాయి. డ్రైవ్ పూర్తిగా పోకముందే వాటిని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకుందామని ఒక రిపేర్ షాపులో చిప్ (కన్సోల్ తాళాలు దాటించే మోడ్‌చిప్) వేయించాను. ఇప్పుడు పవర్ నొక్కితే ఒక్కోసారి పది సెకన్లలో లోగో వస్తోంది. ఒక్కోసారి ఫ్యాన్ తిరుగుతూ, స్క్రీన్ నల్లగా ఉండి, ఐదు నిమిషాలకు గానీ రావట్లేదు. మొన్న అసలే రాలేదు. షాపతన్ని అడిగితే "చిప్ వేస్తే ఇంతేనండీ, లక్ మీద ఉంటుంది" అంటున్నాడు. హార్డ్‌వేర్ లక్ మీద నడవడం ఏంటి? ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి.

బెజవాడ_బిట్స్
చవక చిప్ అయ్యుంటుంది. పీకించేసి మంచిది వేయించు.

టంకం_బాబాయ్
బిట్స్, చూడకుండానే పీకించమనకు. పాయింట్ల మీద వేడి రెండోసారి పెడితే ప్యాడ్లు లేచిపోతాయి, అప్పుడు మంచి చిప్ కూడా ఏమీ చేయలేదు.
నవీన్, రెండు సంగతులు చెప్పు. ఒకటి, వెనక పవర్ పిన్ దగ్గర స్టిక్కర్ మీద 12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు అని రాసుంది? 10.83 అయితే ట్రినిటీ బోర్డు, 9.6 అయితే కరోనా. రెండోది, కవర్ తీసి ఆన్ చేసినప్పుడు చిప్ మీది చిన్న లైటు ఎలా మినుకుతోంది? వీలైతే ఫోటో కూడా పెట్టు.

నల్గొండ_నవీన్
10.83 రాసుంది బాబాయ్. లైటు దాదాపు ఐదు సెకన్లకోసారి ఠక్కున వెలిగి ఆరిపోతోంది. బూట్ అయ్యాక ఇక వెలగదు. ఫోటో సాయంత్రం పెడతా.

టంకం_బాబాయ్
ట్రినిటీ. మంచిది, స్లిమ్‌లలో చిప్‌కి అన్నిటికంటే అనుకూలమైన బోర్డు అదే. లైటు లెక్క ప్రకారం వెలుగుతోందంటే చిప్ బతికే ఉంది, ప్రోగ్రామ్ ఎక్కింది, బోర్డు నుంచి పోస్ట్ సిగ్నల్ (బూట్ ఏ దశలో ఉందో చెప్పేది) దానికి అందుతోంది. గురి మాత్రం కుదరట్లేదు. అసలే వెలగకపోతే వేరే కథ అయ్యేది.

కడప_కుర్రాడు
గురి ఏంటి బాబాయ్? నేనింతకాలం చిప్ అంటే లోపల వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కన్సోల్ దాన్ని చదువుకుంటుంది అనుకున్నా.

సిగ్నల్_సుధ
కుర్రాడు అన్నది పాత ఎక్స్‌బాక్స్‌కి నిజం. 2001లో వచ్చిన ఆ మొదటి ఎక్స్‌బాక్స్‌లో చిప్ మీదే బయోస్ (కన్సోల్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఉండేది. బోర్డు మీది ఎల్‌పీసీ పోర్టుకి తగిలించి, డీ0 అనే లైనును గ్రౌండ్ చేస్తే కన్సోల్ తన ఫ్లాష్ వదిలేసి చిప్‌లోంచి బూట్ అయ్యేది.

360లో ఆ దారి మూసేశారు. ప్రాసెసర్ లోపలే మొదటి బూట్‌లోడర్ ఉంటుంది, దాన్ని ఎవరూ మార్చలేరు. అది తర్వాతి దశను నాండ్ ఫ్లాష్ (బోర్డు మీది స్టోరేజ్ చిప్) నుంచి తెచ్చుకుని, దాని డిజిటల్ సంతకం సరిచూస్తుంది. ఆ దశ తన తర్వాతి దశ హ్యాష్ (వేలిముద్ర లాంటి అంకె) లెక్కగట్టి, ఉండాల్సిన హ్యాష్‌తో పోల్చుతుంది. తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. ఇలా ఒక దశ తర్వాతి దశను తనిఖీ చేస్తూ పోతుంది. నాండ్‌లో నువ్వు ఏం రాసినా ఈ పోలికలో దొరికిపోతావు.

2011లో గ్లిగ్లి, టిరోస్ అనే ఇద్దరు బయటపెట్టిన రీసెట్ గ్లిచ్ పద్ధతి ఈ పోలిక దగ్గరే దెబ్బ కొడుతుంది. ప్రాసెసర్‌ని కాసేపు నెమ్మదింపజేసి, సరిగ్గా ఆ పోలిక జరుగుతున్నప్పుడు రీసెట్ లైను మీద అతి చిన్న పల్స్ పంపుతారు. అంత చిన్న పల్స్‌కి ప్రాసెసర్ రీసెట్ కాదు, తడబడుతుంది. ఆ తడబాటులో పోలిక ఫలితం "తేడా లేదు" అని వస్తుంది, మార్చిన బూట్‌లోడర్ లోపలికి వెళ్లిపోతుంది. చిప్‌లో కన్సోల్ ఫర్మ్‌వేర్ ఏదీ ఉండదు. అదొక టైమర్ మాత్రమే. మార్చిన ఫర్మ్‌వేర్ ఉండేది కన్సోల్ సొంత నాండ్‌లోనే.

స్లిమ్‌లో ఆ పల్స్ 20 నానోసెకన్లు. వాళ్లు వాడిన జైలింక్స్ కూల్‌రన్నర్ సీపీఎల్‌డీలో (ప్రోగ్రామ్ చేయగల లాజిక్ చిప్) స్లిమ్ కోసం కౌంటర్ 96 మెగాహెర్ట్జ్‌తో నడిచింది, అంటే ఒక్కో టిక్ పది నానోసెకన్ల పైచిలుకు. మొత్తం పల్స్ రెండు టిక్కులు. బాబాయ్ గురి అన్నది దీన్నే.

కడప_కుర్రాడు
అక్కా, రెండు టిక్కుల్లో దొంగతనంగా లోపలికి. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

నిజాంపేట్_నాని
అయితే షాపతను చెప్పింది కరెక్టే కదా సుధ గారూ? తడబాటు మీద ఆధారపడిందంటే లక్కే.

సిగ్నల్_సుధ
లక్ ఉంది, దానికి లెక్క కూడా ఉంది నాని గారూ. దీన్ని కనిపెట్టినవాళ్లు సగటున ఒక ప్రయత్నానికి 25 శాతం విజయం అని రాశారు. మామూలు కన్సోల్ ఐదుసార్లు ప్రయత్నించి ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. అందుకని గ్లిచ్ చేసే కన్సోల్‌లో ఎస్‌ఎంసీ (పవర్, రీసెట్ చూసుకునే చిన్న కంట్రోలర్) ఫర్మ్‌వేర్‌ని కూడా మార్చి, బూట్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ మొదలుపెట్టేలా చేస్తారు. చాలావరకు 30 సెకన్లలోపే వస్తుందని వాళ్ల మాట.

ఇప్పుడు నవీన్ కేసు చూడండి. ఐదు సెకన్లకో ప్రయత్నం, ఐదు నిమిషాలంటే అరవై ప్రయత్నాలు. ఒక్కోదానికి నాలుగో వంతు అవకాశం ఉన్నప్పుడు వరసగా పది విఫలమవడం నూటికి ఐదారుసార్లు జరుగుతుంది, అది లక్కే. వరసగా అరవై విఫలమవ్వాలంటే పది కోట్లలో మూడుసార్లు. అది మళ్లీ మళ్లీ జరుగుతోందంటే నవీన్ కన్సోల్‌లో అవకాశం 25 శాతం లేదు, రెండో మూడో శాతానికి పడిపోయింది. దాన్ని దించుతున్నది వైరింగో, టైమింగో. షాపు దాన్ని సరిచేసి ఇవ్వాలి.

నిజాంపేట్_నాని
ఇలా లెక్కేసి చెప్తే ఇక మాటేముంది. ఒప్పుకున్నా.

బెజవాడ_బిట్స్
పది కోట్లలో మూడు! నవీన్ బ్రో, కన్సోల్ పక్కన పెట్టి కేరళ లాటరీ కొను.

నల్గొండ_నవీన్
ఫోటో పెట్టాను చూడండి. చిప్‌ని డీవీడీ డ్రైవ్ కిందకి వచ్చే చోట డబుల్ టేపుతో అంటించాడు. వైర్లన్నీ ఒకే కట్టగా కట్టి ఫ్యాన్ పక్క నుంచి తిప్పాడు.

టంకం_బాబాయ్
చూశాను. కోపం వస్తోంది. ఇంత మంచి బోర్డు మీద ఇలాంటి పనా?

ఒకటి, రీసెట్ వైరుని మిగతావాటితో కలిపి కట్ట కట్టాడు. 48 మెగాహెర్ట్జ్ క్లాక్ వైరు దాన్ని అంటుకునే పోతోంది. రెండు, ఆ కట్ట ప్రాసెసర్ పవర్ కాయిల్స్ మీద నుంచి పోతోంది, బోర్డు మొత్తంలో ఎక్కువ నాయిస్ పుట్టే చోటు అది. మూడు, గ్రౌండ్‌ని షీల్డ్ రేకుకి తగిలించాడు, అదీ పొడిగా ఉంది, టంకం మెరుపే లేదు. నాలుగు, ఫ్లక్స్ (టంకం పట్టడానికి పూసే పదార్థం) కడగలేదు, పాయింట్ల చుట్టూ గోధుమరంగు మరక అలాగే ఉంది.

రీసెట్ వైరు పొడవు కూడా తగ్గించాలి. ట్రినిటీలో ఆ వైరు పొడవుతోనే టైమింగ్ మారుతుంది. నేను కొంచెం కొంచెం కత్తిరిస్తూ చూసుకుంటాను.

సిగ్నల్_సుధ
బాబాయ్ గారూ, పొడవు మారిస్తే ఫలితం మారుతుందన్నది నిజం, నేనూ చూశాను. కారణం మాత్రం ఆలస్యం కాదనుకుంటా. వైరులో సిగ్నల్ మీటరుకి సుమారు ఐదు నానోసెకన్లు తీసుకుంటుంది. ఇరవై సెంటీమీటర్లు తగ్గిస్తే ఒక్క నానోసెకను తేడా. మన కౌంటర్ టిక్ పది. మారేది పల్స్ ఆకారం. పొడుగు వైరుకి కెపాసిటెన్స్, ఇండక్టెన్స్ ఎక్కువ, పల్స్ అంచులు మొద్దుబారతాయి లేదా ఊగుతాయి. ఆసిలోస్కోప్ పెడితే కనబడుతుంది.

టంకం_బాబాయ్
కారణం మీరు చెప్పిందే కావచ్చు సుధ గారూ, స్కోప్ నా దగ్గర లేదు. చేతికి తెలిసింది చెప్పాను. రెండు లెక్కల ప్రకారమూ వైరు పొట్టిగా, విడిగా, కాయిల్స్‌కి దూరంగా పోవాలి.

సిగ్నల్_సుధ
అందులో మరో మాట లేదు.

పాత_డిస్కులు
ఇదంతా చదువుతుంటే పీఎస్1 ఎంత హాయో అనిపిస్తోంది. ఎనిమిది కాళ్ల పిక్ మైక్రోకంట్రోలర్, నాలుగైదు వైర్లు, అయిపోయింది. సోనీ డిస్కు లోపలి అంచున ట్రాక్‌ని కావాలని సన్నగా వంకర తిప్పుతుంది. ఆ వంకరలో నాలుగు అక్షరాలు దాచింది: జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. మామూలు రైటర్ ఆ వంకర రాయలేదు కాబట్టి కాపీ డిస్కు ఆడదు. వేరే ప్రాంతం డిస్కయితే ఒరిజినలైనా ఆడదు. చిప్ ఆ అక్షరాలను తానే పంపేస్తుంది.

విశాఖ_వేవ్స్
హాయి అనకండి డిస్కులు గారూ. అది మొదటి తరం చిప్‌లకే. ఆ చిప్‌లు ఆగకుండా ఆ అక్షరాలు పంపుతూ ఉండేవి. తర్వాత వచ్చిన గేములు, అక్షరాలు ఉండకూడని చోట లెన్స్ పెట్టి చూసేవి. అక్కడ కూడా వినిపిస్తే చిప్ ఉందని తేలిపోయి గేమ్ ఆగిపోయేది. అందుకే స్టెల్త్ చిప్‌లు వచ్చాయి, బూట్ అయ్యాక అవి నోరు మూసుకుంటాయి. పీఎస్‌వన్ అనే తర్వాతి చిన్న మోడల్‌లో, యూరప్‌దాంట్లో, బయోస్ కూడా ప్రాంతం చూస్తుంది, దాన్నీ అదనంగా సవరించాలి. మా నాన్న దుబాయ్ నుంచి తెచ్చిన కన్సోల్‌కి జపాన్ డిస్కులు ఆడించడానికి ఇదంతా నేర్చుకోవాల్సి వచ్చింది.

పాత_డిస్కులు
స్టెల్త్ సంగతి వదిలేశాను, నిజమే. పీఎస్2కి వచ్చేసరికి ఇరవైకి పైగా వైర్లు, అదో నరకం. అందుకే మెమరీ కార్డుతో పనిచేసే ఫ్రీ ఎంసీబూట్ రాగానే చిప్ వేయించుకునేవాళ్లే తగ్గిపోయారు.

నెల్లూరు_నెట్
అదే నా పాయింట్. 360కి కూడా చిప్ ఎందుకు? ఆర్‌జీహెచ్3 అని ఉంది, రీసెట్ గ్లిచ్‌లోనే కొత్త పద్ధతి. వేరే చిప్ అక్కర్లేదు, బోర్డు మీదున్న ఎస్‌ఎంసీ చేతే గ్లిచ్ చేయిస్తారు, దానిలోని 8051 కోర్‌కి ప్రోగ్రామ్ మార్చి. వైర్ల కట్టే ఉండదు. నవీన్ ఉన్న చిప్ తీసేసి అది చేయించుకోవడం మేలు.

టంకం_బాబాయ్
ఆర్‌జీహెచ్3 మంచిదే, చవకది కూడా. కొన్ని బోర్డుల మీద వెంటనే ఎక్కుతుంది, కొన్నిటి మీద మంచి చిప్ ఇచ్చినంత వేగం రాదు. అదీగాక నవీన్ బోర్డు మీద చిప్ ఇప్పటికే ఉంది. వైర్లు సర్దితే అయ్యే పనికి నాండ్ మళ్లీ రాయడం ఎందుకు? అసలు నాండ్ బ్యాకప్ ఉందా నవీన్?

నల్గొండ_నవీన్
అదేంటి? షాపతను ఏమీ ఇవ్వలేదు.

సిగ్నల్_సుధ
ఇది వైరింగ్ కంటే ముఖ్యం, శ్రద్ధగా చదువు నవీన్.

ప్రతి 360 నాండ్‌లో కీవాల్ట్ అనే భాగం ఉంటుంది. కన్సోల్ గుర్తింపు, సర్టిఫికెట్లు, నీ డీవీడీ డ్రైవ్ తాళంచెవి అన్నీ అందులోనే. అది నీ ప్రాసెసర్‌లోని ఫ్యూజుల్లో కాల్చిన సీపీయూ కీతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఒక్కో కన్సోల్‌కి ఒక్కో కీ. చిప్ వేయడానికి ముందు నాండ్ మొత్తం చదివి దాచుకోవాలి, ట్రినిటీలో అది 16 మెగాబైట్లే. కనీసం రెండుసార్లు చదివి రెండు ఫైళ్లూ బిట్ తేడా లేకుండా ఉన్నాయో లేదో పోల్చుకోవాలి. వైరు వదులుగా ఉంటే చదివేటప్పుడే తప్పులొస్తాయి, ఆ తప్పు డంప్‌తో (చదివి దాచిన కాపీతో) ఇమేజ్ తయారుచేసి రాస్తే కన్సోల్ లేవదు.

ఆ డంప్, ఆ కీ నీ సొత్తు. షాపుది కాదు. పని చేసిన ప్రతివాడూ వాటిని పెన్‌డ్రైవ్‌లో వేసి కస్టమర్ చేతికివ్వాలి. దీని గురించి నేను ఎన్ని చోట్ల గొడవపడ్డానో.

నల్గొండ_నవీన్
ఇప్పుడే ఫోన్ చేశా. "పాతవి ఉంచం, డిలీట్ అయిపోయింది" అన్నాడు. టెన్షన్‌గా ఉంది సుధక్కా.

బెజవాడ_బిట్స్
ఒరిజినల్ డంప్ పోయిందంటే ఇక అంతే కదా. నాండ్ పాడైతే కన్సోల్ షోకేసులో పెట్టుకోవడమే.

సిగ్నల్_సుధ
బిట్స్, వాణ్ని భయపెట్టకు, అంత ప్రమాదం లేదు. మార్చిన ఇమేజ్‌లో కూడా కీవాల్ట్ అదే ఉంటుంది, దాన్ని కదపరు. కన్సోల్ ఇంకా బూట్ అవుతోంది కాబట్టి ఈ రోజే తీసుకో.

నవీన్, నెట్‌వర్క్ కేబుల్‌ని రౌటర్‌కి తగిలించు. పవర్ బటన్ కాకుండా ఎజెక్ట్ బటన్‌తో ఆన్ చెయ్యి. జెల్ అనే చిన్న లోడర్ వస్తుంది, స్క్రీన్ మీద సీపీయూ కీ, డీవీడీ కీ కనబడతాయి. ఫోటో తీసుకో, కాగితం మీద కూడా రాసుకో. అక్కడే ఐపీ అడ్రస్ కూడా చూపిస్తుంది. అదే రౌటర్‌కి తగిలి ఉన్న కంప్యూటర్ బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొడితే ఫ్లాష్ డంప్ దించుకోవచ్చు. రెండుసార్లు దించి పోల్చు. కీవాల్ట్, సీపీయూ కీ చేతిలో ఉంటే మామూలు ఒరిజినల్ ఇమేజ్‌ని కూడా మళ్లీ కట్టుకోవచ్చు.

కడప_కుర్రాడు
డ్రైవ్‌కి తాళంచెవి ఎందుకక్కా?

టంకం_బాబాయ్
నేను చెప్తా. 360లో డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ పెళ్లి చేసి పంపుతారు. డ్రైవ్ బోర్డులో ఉన్న కీ, నాండ్‌లోని కీ కలవాలి. వేరే కన్సోల్ డ్రైవ్ తెచ్చి పెడితే మామూలు సినిమా డీవీడీలు ఆడతాయి, గేములు ఆడవు. నవీన్, నీ డ్రైవ్ చదవట్లేదంటే చాలావరకు లెన్స్ అరిగి ఉంటుంది. లెన్స్ యూనిట్ మాత్రం మార్పించు, డ్రైవ్ సర్క్యూట్ బోర్డు పాతదే ఉంచమను. ఎవరైనా "మొత్తం డ్రైవ్ మారుస్తా" అంటే ఒప్పుకోకు. డీవీడీ కీ నీ దగ్గరుంటే బోర్డు పోయినా దారి ఉంటుంది.

డల్లాస్_దిలీప్
ఇక్కడ గరాజ్ సేల్స్‌లో ఫ్యాట్ 360లు (స్లిమ్‌కి ముందు వచ్చిన పెద్ద మోడళ్లు) కొని బాగుచేస్తుంటాను. ఒక మాట కలుపుతా. అధికారిక అప్‌డేట్‌లు కొన్ని ప్రాసెసర్‌లో ఫ్యూజులు కాల్చేస్తాయి, వెనక్కి పాత వెర్షన్‌కి పోకుండా. 2009లో జేటాగ్ అనే పాత హ్యాక్‌ని అలాగే మూసేశారు. అప్‌డేట్ కాని కన్సోళ్ల కోసం జనం వెతుక్కునేవాళ్లు. ఫ్యాట్ బోర్డులో ఆర్6టీ3 అనే చిన్న రెసిస్టర్ తీసేస్తే ఫ్యూజులు కాలవు. ఒకసారి కాలింది మాత్రం ఏ చిప్ వేసినా తిరిగి రాదు.

విశాఖ_వేవ్స్
దిలీప్ గారూ, ఫ్యాట్‌లో చిప్ వేసే ముందు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) సంగతి చూడాలి కదా? ఎర్రలైట్లు వచ్చే బోర్డు మీద చిప్ వేస్తే డబ్బులు నీళ్లపాలు.

డల్లాస్_దిలీప్
అవును. ఆ మూడు ఎర్రలైట్ల గొడవకే మైక్రోసాఫ్ట్ 2007లో వారంటీ మూడేళ్లకి పెంచి వంద కోట్ల డాలర్ల పైన పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది. జాస్పర్ బోర్డు అయితేనే నేను ముట్టుకుంటాను. 12.1 ఆంపియర్ల స్టిక్కర్ చూసి కొనండి.

ఓరుగల్లు_ఓబీ
ఒక ప్రశ్న, ఎవరూ అనుకోవద్దు. ఇదంతా చట్టబద్ధమేనా? మా తమ్ముడు షాపు పెడదామనుకుంటున్నాడు.

మెల్‌బోర్న్_మధు
దేశాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో స్టీవెన్స్ వర్సెస్ సోనీ కేసులో 2005లో హైకోర్టు, అంటే ఇక్కడి సుప్రీంకోర్టు, పీఎస్ చిప్ అమ్మినతని వైపే తీర్పిచ్చింది. డిస్కులోని రక్షణ కాపీ చేయడాన్ని ఆపట్లేదు, కాపీని ఆడించడాన్నే ఆపుతోంది, కాబట్టి చట్టం చెప్పిన రక్షణ కిందకి రాదని వాదన. మరుసటి ఏడాదే చట్టం మార్చేశారు.

సిగ్నల్_సుధ
మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఆ "ఉద్దేశంతో" అన్న మాట ముఖ్యం. సొంత డిస్కులు కాపాడుకోవడం, డ్రైవ్ పోయిన కన్సోల్‌ని బతికించుకోవడం ఒకటి. ఐదు వందల గేములు నింపిన హార్డ్ డిస్క్‌తో సహా అమ్మడం పూర్తిగా వేరు. ఓబీ గారూ, మీ తమ్ముడు రెండోది చేయకూడదు, మొదటిదానికి కూడా లాయర్‌ని అడిగి మొదలుపెట్టడం మంచిది. అమెరికాలో స్విచ్ చిప్‌లు అమ్మిన బృందంలో ఒకరికి 2022లో 40 నెలల జైలు పడింది.

ఓరుగల్లు_ఓబీ
ధన్యవాదాలు సుధ గారూ. వాడికి ఈ పేజీ పంపుతున్నా.

నిజాంపేట్_నాని
స్విచ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నా. దాంట్లో కూడా ఇదే రీసెట్ పల్సా?

సిగ్నల్_సుధ
కాదు, అక్కడ వోల్టేజ్ మీద దెబ్బ. 2018లో మొదటి స్విచ్‌ల టెగ్రా ఎక్స్1 బూట్‌రామ్‌లో యూఎస్‌బీ లోపం బయటపడింది, వాటికి చిప్పే అక్కర్లేదు. సిలికాన్‌లో కాల్చిన లోపం కాబట్టి అప్‌డేట్‌తో పూడ్చలేకపోయారు, కొత్త యూనిట్లు మార్చి వదిలారు. ఆ కొత్తవాటికోసమే చిప్. ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్‌కి మాస్‌ఫెట్ తగిలించి, సరైన క్షణంలో వోల్టేజ్‌ని ఒక్కసారి గ్రౌండ్ వైపు లాగేస్తారు. 2023 నుంచి చవకైన ఆర్‌పీ2040 బోర్డుతోనే ఇది చేస్తున్నారు, పికోఫ్లై అంటారు. కుదిరిన టైమింగ్‌ని అది గుర్తుపెట్టుకుంటుంది, అందుకే మొదటిసారి ఆలస్యమైనా తర్వాత త్వరగా బూట్ అవుతుంది.

టంకం_బాబాయ్
చేతిపని కష్టం మాత్రం స్విచ్‌లోనే ఎక్కువ. ఓలెడ్ మోడల్‌లో డేటా0 లైను ఈఎంఎంసీ (స్టోరేజ్) చిప్ కింద టంకం బంతుల మధ్య ఉంది. సన్నని అడాప్టర్ రేకుని కిందకి దూర్చాలి, లేదా చిప్ లేపి మళ్లీ బంతులు పొయ్యాలి. బోర్డుకి కన్నం పెట్టి లోపలి ట్రేస్ పట్టుకునేవాళ్లూ ఉన్నారు, దానికి కామికాజే అని పేరు. పేరుకి తగ్గ పనే, ఒక మిల్లీమీటర్ అటుఇటు అయితే బోర్డు పోతుంది. అడాప్టర్‌ది ఇంకో బాధ, కింద పడేస్తే కాంటాక్ట్ జారి స్క్రీన్ మీద ఎర్రరొస్తుంది. మైక్రోస్కోప్ లేకుండా ఈ పని ఒప్పుకునే షాపుకి ఇవ్వకండి.

పాత_డిస్కులు
మొదటి ఎక్స్‌బాక్స్ ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక విన్నపం. చిప్ వేయండి, వేయకపోండి, క్లాక్ కెపాసిటర్ మాత్రం తీసేయండి. 1.6 బోర్డు తప్ప మిగతావాటిలో అది కారిపోయి చుట్టూ ట్రేసులు తినేస్తుంది. తీసేస్తే పవర్ పీకినప్పుడు టైమ్ పోతుంది, అంతే. కారిన ద్రవం ఎల్‌పీసీ చిప్ వరకు కాదు, మదర్‌బోర్డు మొత్తానికే చేటు.

నల్గొండ_నవీన్
అప్‌డేట్. ముందు సుధక్క చెప్పినట్టు జెల్‌లోకి వెళ్లి కీలు రాసుకున్నా, డంప్ రెండుసార్లు దించా, రెండూ ఒకటే. మూడు చోట్ల దాచా. తర్వాత బాబాయ్ ఫోన్‌లో చెప్తుంటే మా ఊళ్లో మొబైల్ రిపేర్ చేసే అన్నతో వైర్లు సర్దించా. రీసెట్ వైరు విడిగా, పొట్టిగా, కాయిల్స్‌కి దూరంగా. గ్రౌండ్ బోర్డు మీది పెద్ద పాయింట్‌కి. ఫ్లక్స్ ఐపీఏ ఆల్కహాల్‌తో కడిగాడు. ఇప్పుడు ఎక్కువసార్లు మొదటి, రెండో మినుకుకే లేస్తోంది. ఎప్పుడైనా ఐదారు మినుకులు.

సిగ్నల్_సుధ
అదీ 25 శాతం లెక్క. ఇంకా పైకే ఉంది. బాగా చేశారు, ఆ అన్నకి కూడా చెప్పు.

బెజవాడ_బిట్స్
లాటరీ టికెట్ వాపస్.

నెల్లూరు_నెట్
నవీన్, ఒక జాగ్రత్త. దాన్ని ఆన్‌లైన్‌లో సైన్ ఇన్ చేయకు, కన్సోల్ గుర్తింపుకే బ్యాన్ పడుతుంది. 2024 జులైలో 360 స్టోర్ మూసేశారు, డిజిటల్‌గా కొనడానికి ఏమీ లేదు. నీ డిస్కులే నీ ఆస్తి. లెన్స్ ఉండగానే ఎక్కించేసుకో.

కడప_కుర్రాడు
నా దగ్గర 360 ఈ ఉంది, చివరి మోడల్. బాబాయ్, దానికీ ఇలాగే చేయొచ్చా?

టంకం_బాబాయ్
తెరిచి చూడకుండా చెప్పలేను. లోపల కరోనా ఉంటే అవుతుంది. అందులోనూ కొన్నిటికి పోస్ట్ సిగ్నల్ పాయింట్ తీసేశారు, ప్రాసెసర్ అంచున కింది బంతిని తాకే అడాప్టర్ పెట్టాలి. కొన్నిటిలో 16 మెగాబైట్ల నాండ్ బదులు 4 గిగాబైట్ల ఈఎంఎంసీ ఉంటుంది, దాన్ని చదివే పద్ధతి వేరు. విన్‌చెస్టర్ బోర్డు అయితే గ్లిచ్ మాట మర్చిపో, ఆ ప్రాసెసర్‌ని దీనికి లొంగకుండా మార్చేశారు.

డల్లాస్_దిలీప్
విన్‌చెస్టర్ అయినా నిరాశపడకు కుర్రాడా. 2025లో బ్యాడ్ అప్‌డేట్ అని సాఫ్ట్‌వేర్ దారి వచ్చింది, హైపర్‌వైజర్‌లోని (కన్సోల్‌లో అన్నిటికీ పైన కాపలా కాసే సాఫ్ట్‌వేర్) లోపంతో. టంకం అక్కర్లేదు, యూఎస్‌బీ డ్రైవ్ చాలు. పవర్ తీసేస్తే పోతుంది, ఆన్ చేసిన ప్రతిసారీ మళ్లీ నడపాలి, అదీ ఒక్కోసారి కుదరక మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. అయినా సీపీయూ కీ తీసుకుని, నాండ్ డంప్ దాచుకోవడానికి అది సరిపోతుంది. ముందు ఆ పని చెయ్యి. బోర్డు ఏదో చూసి ఇక్కడ రాయి, తర్వాత సంగతి బాబాయ్ చెప్తారు.

కడప_కుర్రాడు
ఆదివారం తెరుస్తా. వెనక సీల్ కింద టీ10 స్క్రూలా, టీ8లా?

టంకం_బాబాయ్
రెండూ దగ్గర పెట్టుకో. క్లిప్పులు విరగకుండా ప్లాస్టిక్ కార్డు వాడు, స్క్రూడ్రైవర్‌తో పొడవకు.